కాల్చవలసిన పొడిని కాచి తాగాను

ఉబ్బసానికని డబ్బాల్లో అమ్మే పొడి ఒకటి ఉంది. నిప్పుల మీద చిటికెడు వేసి, వచ్చే పొగను పీల్చుకోవాలి. నేను దాన్ని నీళ్ళలో కాచి తాగాను. తాగి కూడా బతికాను కాబట్టి చెబుతున్నాను. నాకు చదువు లేదు. నా పేరులోని మూడు అక్షరాలు కనబడితే గుర్తుపడతాను, అంతే. నేను చెబుతుంటే ఎదురింటి అయ్యవారు రాస్తున్నారు. నా గొంతు బొంగురు, మాటకొక దగ్గు. ఆయన ఓపిక మంచిది.

మాది వేలూరు దగ్గర గుడియాత్తం. నేతపని చేసే ఇల్లు. ఇది జరిగేనాటికి మా ఆయన పోయి పన్నెండేళ్ళు. నాకు పిల్లలు లేరు. ఆయన పోయిన ఏడే తమ్ముడు మునస్వామి వచ్చి, నా రాట్నాన్నీ నా పెట్టెనూ బండిలో వేసుకొని, నన్ను తన ఇంటికి తెచ్చుకున్నాడు. వాడు మగ్గం గుంతలో కూర్చుని నేస్తాడు. నేను పక్కన కూర్చుని పేకకు కండెలు చుడతాను. వాడి పెళ్ళాం కుప్పమ్మ పడుగు సరిచేస్తుంది, నూలుకు గంజి పెడుతుంది, వంట చేస్తుంది, మధ్యలో తీరిక దొరికితే మా ఇద్దరినీ తిడుతుంది. ఆమె కే.వి.కుప్పం దగ్గర చేలగట్ల మీద పెరిగిన పిల్ల. ఈ గట్టున నిలబడి ఆ గట్టుకు వినబడేట్టు మాట్లాడటం అక్కడే నేర్చింది. వాళ్ళ ఒక్క కూతురు పెళ్ళయి ఆంబూరు వెళ్ళిపోయింది. ఇంట్లో మేము ముగ్గురమే.

ఉబ్బసం నాకు చిన్ననాటి నుంచీ ఉంది. ఎండాకాలంలో ఎక్కడో దాక్కుంటుంది, దీపావళి వచ్చే ఐప్పసి నెలలో వానలు పట్టగానే వచ్చి రొమ్ము మీద కూర్చుంటుంది. పెద్ద యుద్ధం ముగిసిన ఏడు మునస్వామి వేలూరు బజారుకు పోయి, మందుల శెట్టి దగ్గర ఆ పొడి డబ్బా తెచ్చాడు. డబ్బా మీద ఇంగ్లీషు రాత ఉండేది, మాకెవరికీ రాదు. ఎట్లా వాడాలో శెట్టి నోటితో చెప్పాడట. పొద్దున చిటికెడు, సాయంత్రం చిటికెడు, నిప్పుల మీద వేసి పీల్చమన్నాడట. అట్లాగే చేశాను. మొదటిసారి పొగ లోపలికి పోగానే బిగిసిన మూట ఎవరో విప్పినట్టయింది. ఆ రోజు కుప్పమ్మ నన్ను చూసి, ఏం వదినా, పెళ్ళికూతురి మాదిరి వెలుగుతా ఉండావే అని నవ్వింది.

కష్టమంతా ఆ పొగ దగ్గరే వచ్చింది. చిన్న ఇల్లు, ఒకే గది, అందులోనే మగ్గం. వానరోజుల్లో తలుపు మూసి పొగ పెట్టుకుంటే, అది పైకి పోయే దారి లేక మగ్గం మీద పరిచిన పడుగులోకి పోయేది. నూలు తడిని ఎంత తాగుతుందో వాసనను అంత తాగుతుంది. ఒకసారి మేము నేసిచ్చిన చీరను, మా దగ్గర చీరలు కొనే బట్టల శెట్టి ముక్కు దగ్గర పెట్టుకొని, ఇదేమి సుడుకాటు వాసన, పెళ్ళికి కట్టే చీర గదా అని వెనక్కి ఇచ్చేశాడు. అరవంలో సుడుకాడు అంటే శ్మశానం. నేసేవాళ్ళకు అంతకంటే పెద్ద తిట్టు లేదు. అప్పుడు కుప్పమ్మ నాతో ఒక్క మాట అంది.

"వదినా, నీకు ఊపిరీ కావల్ల, మాకు చీరా కావల్ల. ఇంగ పొగ పెరట్లో పెట్టుకో."

కోపంతో అనలేదు. అది న్యాయమైన మాట. ఆ రోజు నుంచి నిప్పుల పళ్ళెం తీసుకొని పెరట్లో చూరు కింద కూర్చునేదాన్ని.

ఇది జరిగింది ఆ తరువాతి ఐప్పసిలో. మగ్గం మీద ముహూర్తపు చీర ఉంది. అరక్కు రంగు, అంటే లక్క ఎరుపు ఒళ్ళు, పసుపు అంచు. కార్తీకంలో పెళ్ళి. ఐదు రోజులుగా వాన తెరిపి ఇవ్వలేదు. చూరు కింద నిప్పు పెడితే జల్లు కొట్టి ఆరిపోతోంది. సోమవారం రోజంతా నాకు ఊపిరి అందలేదు. మంగళవారం పొద్దున లేచి గోడకు ఆనుకొని కూర్చున్నాను. తమ్ముడు అప్పుడే గుంతలోకి దిగుతున్నాడు. కుప్పమ్మ నీళ్ళకు పోయింది.

అప్పుడు నాకు ఆ బుద్ధి పుట్టింది. మా అమ్మ ఏ ఆకు దొరికినా కాచి ఇచ్చేది. తులసైనా, ఆడసరమైనా, మిరియాలైనా, మందంటే కషాయమే. ఈ పొడి కూడా ఏదో ఆకే కదా. పొగకే ఇంత గుణం ఉంటే తాగితే ఇంకెంత గుణం ఉండాలి. చీరకు వాసన పట్టదు, ఎవరికీ అడ్డం ఉండదు. చెంబెడు నీళ్ళు పొయ్యి మీద పెట్టి, రెండు గరిటెలు పొడి వేసి కాచాను. చేదు. బెల్లం ముక్క కలిపాను. సగం తాగాను.

కాసేపటికి నిజంగానే ఊపిరి కాస్త తేలికయింది. ఎంత తెలివైన పని చేశానో అని నాలో నేనే మురిసిపోయాను. ఆ మురిపెంలో మిగిలిన సగమూ తాగేశాను.

తరువాత నాకు తెలిసింది తెలిసినట్టు చెబుతాను. ఎవరికైనా ఇట్లా జరిగితే గుర్తుపట్టడానికి పనికొస్తుంది. మొదట నోరు ఎండింది. దాహమని నీళ్ళు తాగితే నీళ్ళు గొంతు దిగినా నోరు తడవలేదు. నాలుక అట్టముక్కలా ఉంది. కుప్పమ్మ సంగటి ముద్ద పెడితే మింగుడుపడక ఉమ్మేశాను. ముఖం కాలిపోతోంది, ఒక్క చెమట చుక్క లేదు. గుండె రాట్నం కంటే వేగంగా తిరుగుతోంది. మబ్బు పట్టిన రోజు కదా, అయినా వాకిలి వెలుతురు కళ్ళల్లో గుచ్చుకుంది. చేతిలో నూలు పోగు మొదట రెండుగా కనబడింది, తరువాత అసలు కనబడలేదు. కడుపు కింద బరువుగా ఉంది, ఒంటికి పోదామంటే రాలేదు. చెప్పాలనుకున్నాను. ఏమని చెప్పాలి, కాచి తాగానని చెబితే కుప్పమ్మ తిడుతుందని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే నేను చేసిన రెండో తప్పు.

ఇంక మిగతాది వాళ్ళు చెప్పగా విన్నది. మధ్యాహ్నానికి నేను రాట్నం తిప్పడం మానేశాను గాని చేతులు మానలేదు. ముందున్న గాలిలోంచి ఏదో పట్టుకోవడం, రెండు వేళ్ళతో నలపడం, మెలిపెట్టడం, మళ్ళీ పట్టుకోవడం. వేరే ఇంట్లో అయితే అప్పుడే కంగారుపడి ఉండేవాళ్ళు. మా ఇంట్లో తెగిన పోగు అతికేవాళ్ళ చేతులు రోజూ అట్లాగే ఆడతాయి. మునస్వామి గుంతలోంచి చూసి నవ్వాడట. అక్కకు రాట్నం నిలిచిపోయినా పని నిలవలేదు, పోగులు అతుకుతా ఉండాది అన్నాడట. కుప్పమ్మ కూడా రెండుసార్లు నా పక్కనుంచే పోయింది.

మూడోసారి పోతూ నా మాటలు వింది. నేను మా ఆయనను పేరు పెట్టి పిలుస్తున్నాను. కండెలు అయిపోయాయి, నూలు ఎక్కడ పెట్టావని ఆయనను అడుగుతున్నాను. ఆయన బతికుండగా నా నోటినుంచి ఆ పేరు ఒక్కనాడు రాలేదు. మా ఇండ్లలో ఆడవాళ్ళు మొగుడి పేరు చెప్పరు. ఇప్పుడు కూడా చెప్పను, అయ్యవారినీ రాయవద్దన్నాను. ఆ పేరు వినగానే కుప్పమ్మ చేతిలోని గంజి కుండ దించేసిందట. నా గడ్డం పట్టుకొని వెలుతురు వైపు తిప్పి, కళ్ళల్లోకి చూసిందట.

"రాయ్యా ఇట్లా, వచ్చి చూడు. వదిన అన్నను పేరు పెట్టి పిలస్తా ఉండాది."

మునస్వామి వచ్చి చూసి తెల్లబోయాడు. బావ వచ్చి పట్టుకున్నాడు, పేయి పట్టింది, ఇబూది పెట్టి మంత్రించే అయ్యను పిలుచుకొస్తానని బయలుదేరాడు. కుప్పమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"అన్న వచ్చింటే ఈమె కండ్లు యాల ఇట్లయితాయి? కంటిగుడ్డంతా నలుపే ఉండాది. నోరు చూడు, తడే లేదు. మా ఊర్లో గొర్రెలోళ్ళ పాప ఉమ్మెత్తకాయ తినేసి ఇట్లే గాలిలో ఏరింది. ఇది పేయి కాదు, ఉమ్మెత్త. ఏం తినిందో యాడ తినిందో చూడు ముందు."

ఆమే వెతికింది. పొయ్యి పక్కన చెంబు, దాని అడుగున మడ్డి కనబడ్డాయి. పైన డబ్బా మూత తీసి ఉంది. చెంబు వాసన చూసింది, డబ్బా వాసన చూసింది. ఆమెకు అంతా అర్థమైంది.

ఇరుగుపొరుగు వచ్చి తలా ఒక మాట చెప్పారట. మజ్జిగ పొయ్యమని ఒకరు, చింతపండు నీళ్ళు పొయ్యమని ఒకరు. గుటక వేయలేని మనిషికి ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుందని కుప్పమ్మ ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు. నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల మీద తడిగుడ్డ వేసి, బండి తెప్పించింది. డబ్బాను నడుమున దోపుకుంది, చెంబును మడ్డితో సహా మూటకట్టింది. అప్పుడు కాట్పాడి వైపు పోయే రైలు ఒకటి ఉంది.

రైల్లో నేను ఊరుకోలేదట. లేవబోయాను, కిటికీలోంచి దిగబోయాను, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ మా ఆయన సంగతులు చెప్పాను. మునస్వామి సిగ్గుతో తల వంచుకున్నాడు. ఎదురుగా కూర్చున్న సీతాఫలాలమ్మే ఆమె ఎవరో, ఊరు తెలియదు పేరు తెలియదు, తన గంప కిందికి దించి నా కాళ్ళు రెండూ ఒళ్ళో పెట్టుకొని కాట్పాడి దాకా పట్టుకుంది. పావం, వెలుతురు పడటం లేదు బిడ్డకు అని తన కొంగు నా ముఖం మీద కప్పింది. యాభై ఏళ్ళ దాన్ని, ఆమె నన్ను బిడ్డ అంది. ఆమె దిగేటప్పుడు చూస్తే సగం పండ్లు నా తన్నులకు నలిగిపోయి ఉన్నాయట. ఆమె ఒక్క మాట అనలేదు. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఆమె తెలిస్తే, ఈ రాజమ్మ బతికిందని చెప్పండి.

కాట్పాడిలో జట్కా ఎక్కి వేలూరులో ఆడవాళ్ళ ఆసుపత్రికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. వరండా నిండా జనం. వరస ప్రకారం కూర్చోమన్నారట. కుప్పమ్మ కూర్చోలేదు. చేలగట్టు గొంతు అప్పుడు పనికొచ్చింది. లోపలినుంచి డాక్టరమ్మే బయటికి వచ్చింది. నా కళ్ళు చూసి, నాడి పట్టి, ఏం తినిందని అరవంలో అడిగింది. కుప్పమ్మ నడుమున దోపుకున్న డబ్బా తీసి ఒక చేతిలో పెట్టింది, చెంబు ఇంకో చేతిలో పెట్టింది. డాక్టరమ్మ డబ్బా మీది రాత చదివింది. ఇది పొగకు మాత్రమే, లోపలికి తీసుకోకూడదని దీని మీదే రాసి ఉంది కదమ్మా అంది. మాకు చదువు రాదమ్మా అంది కుప్పమ్మ. డబ్బా తెచ్చినందువల్ల వెతుక్కునే పని తప్పిందని డాక్టరమ్మ తరువాత చెప్పింది.

గొట్టం వేసి కడుపు కడిగారు. నా గొంతు ఇట్లా గీరుకుపోయింది అప్పుడే. సూది వేశారు, తడిగుడ్డలు చుట్టారు, కడుపు కింద బిగిసిన నీళ్ళు తీశారు. ఆ రాత్రీ మరుసటి రోజూ నాకు తెలియవు.

గురువారం పొద్దున కళ్ళు తెరిచాను. ఎవరో ఆడమనిషి మంచం పక్కన నేల మీద కూర్చుని, నా చేతిని తన రెండు చేతులతో పట్టుకొని కునుకుతోంది. ముఖం తెలియడం లేదు, అంతా మసక. అమ్మా అన్నాను. ఆ మసక లేచి, "అమ్మ కాదు వదినా, నేను. నీ అమ్మ వచ్చింటే ఇంతసేపు నీ గోరు దెబ్బలు తినదు" అంది. తిట్టు వినగానే ఇంట్లో ఉన్నంత ధైర్యం వచ్చింది.

కొంచెం తెలివి రాగానే ఆమె నన్ను ఏడిపించింది. ఇన్నేండ్లు దాచిపెట్టిన పేరును గుడియాత్తం నుంచి కాట్పాడి దాకా అందరికీ వినిపించినావే, ఆ రైల్లోవాళ్ళకంతా ఇప్పుడు అన్న చుట్టమైపోయినాడు అంది. సిగ్గుతో దుప్పటి కప్పుకున్నాను. దుప్పటి మీదనుంచే నా తల నిమిరింది.

భయం ఆ తరువాత వచ్చింది. దూరంగా ఉన్న కిటికీ కనబడుతోంది, దగ్గరున్న నా చెయ్యి కనబడటం లేదు. కుప్పమ్మ కొంగు అంచునుంచి ఒక పోగు లాగి వేళ్ళ మధ్య పెట్టుకొని చూశాను. లేదు. వేళ్ళకు తెలుస్తోంది, కళ్ళకు లేదు. డాక్టరమ్మ, కొన్ని రోజుల్లో సరిపోతుంది, మందు దిగిపోవాలి అంది. నమ్మలేదు. పోగు కనబడని ఆడది నేసేవాళ్ళ ఇంట్లో ఏం చేస్తుంది? శనివారం మునస్వామి ఊరినుంచి చూడవచ్చాడు. చీర ఎంతదాకా వచ్చిందని అడిగాను. మగ్గం ముట్టుకోలేదక్కా అన్నాడు. పెళ్ళి దగ్గరపడుతోంది, నా వల్ల మగ్గం నిలిచిపోయింది. అప్పుడు వాడితో చెప్పాను. ఈ ఆసుపత్రిలో ఊడ్చే పని అడుగుతాను, ఊడ్చడానికి దగ్గరి చూపు అక్కరలేదు, నన్ను ఇక్కడే వదిలిపెట్టు అన్నాను. కుప్పమ్మ అందుకుంది.

"ఆ పొద్దు పొగ బయట పెట్టుకోమన్నాను. కాచి తాగమన్నానా వదినా? చెప్పు, అన్నానా?"

అనలేదు అన్నాను.

"మరి నన్నెందుకు ఇట్లా చంపతావు? ఊపిరాడకుంటే లోపలికి రావల్ల గదా. నేను తిట్టతాను. తిడితే ఏం? నా తిట్లు నీకు కొత్తనా?"

అని గోడవైపు తిరిగి కూర్చుంది. అంత గొంతున్న మనిషి చప్పుడు లేకుండా ఏడ్చింది. పక్క మంచం మీది బాలింత తన బిడ్డను తీసుకొచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది, కాసేపు ఎత్తుకోమని. ఏమనుకుందో ఏమో. అది మంచి పని. బిడ్డ ఒళ్ళో ఉంటే ఎవరూ ఎక్కువసేపు ఏడవలేరు.

సోమవారం మధ్యాహ్నం కుప్పమ్మ తన కొంగు చిరుగు కుడుతోంది. సూదిలోకి దారం పోవడం లేదని విసుక్కుంటోంది. ఇటివ్వు అని తీసుకొని ఎక్కించాను. ఎక్కించి ఆమె చేతికిచ్చాక గాని ఇద్దరికీ తెలియలేదు, నేను చూసి ఎక్కించానని. ఆమె సూదిని చూసింది, నన్ను చూసింది, పోయి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది.

మరుసటి రోజు పంపించేటప్పుడు డాక్టరమ్మ చెప్పిన మాటలు ఇవి, జాగ్రత్తగా వినండి. ఆ పొడిలో ఉండేది ఉమ్మెత్త ఆకే. పొగగా పీల్చినా గోటి మీద నిలిచేంతే వాడాలి. నోరు బాగా ఎండినా, చూపు మసకబారినా, గుండె పరుగెత్తినా అక్కడితో ఆపి ఆసుపత్రికి రావాలి. పొరపాటున ఎవరైనా తింటే, తాగితే, దాచకూడదు, ఇంట్లో ఏమీ పోయకూడదు, డబ్బా చేత పట్టుకొని వెంటనే రావాలి. చిన్నపిల్లలకు అందేచోట పెట్టకూడదు. ఇదంతా చెప్పి, నన్ను ఎవరు చూసుకుంటారని కుప్పమ్మను అడిగింది. ఈమె నీకేమవుతుంది అంది. మొగుని అక్క అని చెబితే సరిపోయేది. కుప్పమ్మ అట్లా చెప్పలేదు.

"మా ఇంట్లో నాతో సరిగ్గా పోట్లాడేదానికి ఈమె ఒక్కతే ఉండాదమ్మా. మా ఆయప్పకు నోరు లేదు. తీసకపోకుంటే నాకెట్ల పొద్దు పోతుంది?"

డాక్టరమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. నవ్విందని భుజాలు చెప్పాయి.

ఇంటికి వచ్చాక కూడా వానలు వదలలేదు. మునస్వామి పొద్దున దీపం నుంచి సాయంత్రం దీపం దాకా గుంతలోనే ఉన్నాడు. నేను కండెలు చుట్టాను, మొదట్లో మెల్లగా. నాలుగో రోజు మళ్ళీ రొమ్ము పట్టింది. అలవాటు కొద్దీ పళ్ళెం తీసుకొని పెరటి వైపు నడిచాను. కుప్పమ్మ పళ్ళెం లాక్కుంది. గదిలోనే, మగ్గానికి నాలుగడుగుల దూరంలో నిప్పులు పెట్టింది, తన గోటి మీద పొడి కొలిచి వేసింది. మునస్వామి పాత పంచె తెచ్చి పడుగు మీద కప్పి, నా ఊపిరి నిలకడ అయ్యేదాకా గుంత గట్టున కూర్చున్నాడు. చీర అయిపోయేదాకా రోజూ అదే జరిగింది. పంచె ఎంత కప్పినా పొగ ఆగుతుందా.

కార్తీకం మొదట్లో బట్టల శెట్టి చీర కోసం వచ్చాడు. నేను లోపల పళ్ళెం ముందు ఉన్నాను. గోడ అవతల ఆయన చీర విప్పిన చప్పుడు విన్నాను. రంగు బాగుందన్నాడు, అంచు బాగుందన్నాడు. తరువాత ముక్కుతో గట్టిగా పీల్చాడు. కుప్పమ్మ జవాబిచ్చింది.

"పొగే శెట్టీ. మా వదినకు ఉబ్బసం. పొగ పెడితేనే ఆమె ఊపిరి పీల్చేది. చీర కావల్లంటే తీసకపొండి, రెండు దినాలు గాలికి ఆరేస్తే పోతుంది. వద్దంటే పెట్టేసి పొండి, ఇంగొకరికి ఇస్తాము. మా ఇంట్లో పొగ మాత్రం ఆపేది లేదు."

తరువాత చీర మడతపెట్టిన చప్పుడు, గొడుగు తెరిచిన చప్పుడు. ఆమె లోపలికి వచ్చింది. ఆయన తీసుకెళ్ళాడో పెట్టిపోయాడో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నా ఎదురుగా గొంతుకూర్చుని పళ్ళెంలోకి చూసింది.

"నిప్పులు ఆరిపోతా ఉండాయి వదినా. ఇంగ రెండు సార్లు పీల్చుకో."